తిప్పిన కాలరు

ఆ టైలరు ఇప్పటికీ ఏ వరుసలో నిలబడినా ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు.

వెనకాల ఎవరూ లేకపోతే అతనికి ఒళ్ళు జలదరిస్తుంది.

బ్యాంకు మునిగిపోతోందన్న పుకారు పుట్టిన వారంలో పట్టుకున్న జబ్బు అది.

ఆ వారం వీధిలో దుకాణాలన్నీ మూసి, అందరూ బ్యాంకు ముందే కాపురం పెట్టారు. టైలరు కూడా మిషను మీద గుడ్డ కప్పి వచ్చేశాడు. కాజాలు కుట్టీ కుట్టీ అతని భార్యకు చూపు మందగించింది. సూదిలోకి దారం ఎక్కించడమే గగనమైపోయింది. ఆమె కళ్ళ ఆపరేషనుకని దాచిందంతా ఆ బ్యాంకులోనే ఉంది. వాళ్ళేమో రోజుకు కొందరికే ఇచ్చి షట్టరు దించేస్తున్నారు.

వరుసలో కాలక్షేపానికి మాత్రం లోటు లేదు. ముందు మాస్టారు, ఆయన వెనక ఇనప సామాన్ల కొట్టాయన. ఆయన్ని అందరూ ఇనప్పెట్టి అనే పిలుస్తారు.

“బ్యాంకుల్ని సర్కారే నడపాలయ్యా. లాభాలొస్తే యజమానుల జేబుకి, నష్టాలొస్తే మన నెత్తికీనా?” అన్నారు మాస్టారు.

“మునిగేదాన్ని మునగనివ్వాలి మాస్టారూ. రేపు నా కొట్టు మునిగితే సర్కారొచ్చి మేకులు కొంటుందా?”

“నీ డబ్బు కూడా ఇందులోనే ఉందిగా?”

“అదే కదండీ నా ఏడుపు! నాది నా చేతికొచ్చాక మునగనివ్వండి.”

అందరూ గొల్లున నవ్వారు.

వరుస చివరనున్న ముసలాయన ఒక్కడే నవ్వలేదు.

ఆయనెవరో ఎవరికీ తెలియదు. కొత్తగా ఎవరొచ్చినా “మీరు ముందుకు రండి” అని తన ముందు నిలబెట్టుకునేవాడు. షట్టరు తెరిచినప్పుడు ఎక్కడున్నాడో దించేటప్పుడూ అక్కడే. అందుకని చివరాయన అని పేరు పెట్టేశారు.

“ఇలాగైతే ఈ జన్మలో మీ వంతు రాదండీ పెద్దాయనా. నేనైతే మా ఆవిడ కళ్ళ ఆపరేషను ఎప్పుడవుతుందా అని చస్తున్నాను,” అన్నాడు టైలరు.

“వరుసలో చివరివాడికే భయం ఎక్కువ నాయనా. నేను వెనకుంటే మీలో ఎవరూ చివర కారుగా.”

పిచ్చిమాలోకం అనుకున్నాడు టైలరు.

మర్నాడు చివరాయన సంచిలోంచి ఒక చొక్కా తీశాడు. “కాలరు అరిగిపోయింది. తిప్పి కుడతావా?”

టైలరు ఇంటికెళ్ళి కాలరు విప్పాడు. అరిగిన వైపు లోపలికి పెట్టి కుట్టాడు. గుడ్డ మాత్రం మేలురకం, అతని చేతికి అరుదుగా తగిలే రకం. కాలరు చూసి మనిషిని చెప్పేయగలనని అతనికో గర్వం. ఇలాంటి గుడ్డ కట్టేవాడు కాలరు తిప్పించుకోడు. కాలరు తిప్పించుకునేవాడు ఇలాంటి గుడ్డ కొనలేడు. ఎవరో గొప్పింటివాళ్ళు విడిచిన చొక్కా తొడుక్కున్నాడని తేల్చేశాడు.

ఆ మరుసటి రోజు ఇంకో పుకారు లేచింది. ఈరోజు షట్టరు దించితే ఇక తెరవరట.

వరుస కాస్తా గుంపై, చివరాయన్నీ తోసుకుంటూ బ్యాంకు మెట్లెక్కేసింది.

“వెనకాల నిలబడి మనందర్నీ కనిపెడుతున్నాడు. అసలెవడీ ముసలాడు?” అన్నాడు ఇనప్పెట్టి.

“కాలరు తిప్పించుకునేవాడికి బ్యాంకులో ఏముంటుంది?” అని టైలరు అరిచాడు. భయంలో నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. “కూలికి నిలబెట్టారు. బ్యాంకువాళ్ళ మనిషి!”

అంతే, తలా ఒక చెయ్యి వేసి చివరాయన్ని మెట్ల మీంచి కిందికి లాగేశారు.

బ్యాంకు గార్డు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. చివరాయన వద్దన్నట్టు తల ఊపాడు. గార్డు ఆగిపోయి తల దించుకున్నాడు.

“చూశారా? ఇద్దరూ ఒకటే!” అన్నాడు టైలరు.

చివరాయన మెల్లగా లేచి మోచేతులు దులుపుకున్నాడు.

“ఆపరేషను ఆలస్యం చెయ్యకు నాయనా,” అని వెళ్ళిపోయాడు.

ఆరోజే టైలరు వంతు వచ్చింది, డబ్బు చేతికందింది.

సాయంత్రానికి సర్కారు ప్రకటన కూడా వచ్చింది. బ్యాంకును తామే తీసుకుంటున్నామని, అందరి డబ్బూ భద్రమని. మాస్టారు తానే గెలిచినట్టు మిఠాయి పంచారు. “మన పన్నులు మనకే ఇచ్చి పెద్ద ఘనకార్యం!” అంటూనే ఇనప్పెట్టి రెండు తీసుకున్నాడు.

ఆపరేషనై కళ్ళ కట్టు విప్పిన రోజు టైలరు భార్య ఇల్లంతా కలయజూసింది. ఆమె చూపు కొక్కేనికి వేలాడుతున్న చొక్కా మీద ఆగింది.

“కాలరు ఎంత బాగా తిప్పారండీ! ఎవరిదిది? ఇచ్చెయ్యలేదేం?”

టైలరు చొక్కా మడిచి బ్యాంకుకు వెళ్ళాడు.

మెట్ల మీద ఎవరూ లేరు. చొక్కాను చూడగానే గార్డు కర్ర పక్కన పెట్టి రెండు చేతులతో అందుకున్నాడు.

“ఆయనెక్కడుంటారు?”

“లేరు టైలరుగారూ. ఆ సాయంత్రం రేడియోలో సర్కారు కబురు విన్నారట. ఇక అందరూ ఇళ్ళకెళ్తారులే అని పడుకున్నారట. మళ్ళీ లేవలేదు.”

టైలరుకు వీపు వెనక ఎవరో నిలబడినట్టు అనిపించి తిరిగి చూశాడు.

“ఆయన డబ్బు... ఆయన డబ్బు ఆయనకందిందా?”

గార్డు చొక్కా కాలరును బొటనవేలితో నిమిరాడు.

“ముప్పై ఏళ్ళ కిందట ఈ బ్యాంకు పెట్టిందే ఆయన. నడపమని ఏనాడో కొడుకుల చేతికిచ్చి తప్పుకుంటే వాళ్ళు ఊడ్చుకుని పారిపోయారు. మీరు వరుస కట్టిన మొదటి రోజుకే లోపల ఏమీ లేదు టైలరుగారూ, ఆ వారమంతా మీరు పట్టుకెళ్ళింది ఆయన ఇల్లమ్మిన సొమ్ము.”