రెండో వరుసలోని ఏడుపు

మూగ సినిమాల రోజుల్లో కుమెజో తెర పక్కన నిలబడి పాత్రలన్నిటికీ తన గొంతే ఇచ్చేవాడు. మాటలొచ్చిన సినిమాలు ఆయన పొట్టకొట్టాయి. ఇరవయ్యేళ్ల తర్వాత అదృష్టం మళ్లీ తలుపు తట్టింది. సకాతా ఊరి హాలుకొచ్చిన యుద్ధకాలం నాటి సినిమాకు శబ్దం చెడిపోయి, మాటలు చెప్పమని ఆయన్నే పిలిచారు. రేపే ఆట. ఈ రాత్రి ఖాళీ హాల్లో సాధన చేస్తున్నాడు.

తెర మీద మంచు కురుస్తోంది. సైన్యానికి వెళ్తున్న కొడుకు పడవెక్కాడు. రేవులో తల్లి చేతులు చాచింది.

"ఒక్కసారి ఇటు చూడు నాయనా!" అని కుమెజో ఏడుపందుకున్నాడు. ఒళ్లు పులకరించింది. గొంతు ఇంకా చావలేదు! అంతలో దగ్గొచ్చి ఆగాడు.

ఏడుపు మాత్రం ఆగలేదు.

"ఒరే తోకుజీ, శబ్దం వచ్చేసిందిరా!"

"ఎక్కడొచ్చింది గురువుగారూ? స్పీకర్ తీగ నా చేతిలోనే ఉంది," అన్నాడు పై గదిలో మెషిన్ ఆడిస్తున్న తోకుజీ.

ఏడుపు ఖాళీ కుర్చీల రెండో వరుసలోంచి వస్తోంది. కుమెజోకు భయం కన్నా సంబరమే ఎక్కువైంది. ఇన్నాళ్లకు తన ఆట చూడ్డానికి ఒకరొచ్చారు!

"కొడుకు మాటలు మీరే చెప్పాలి బాబూ," అందా గొంతు. "వాడి గొంతెలా ఉండేదో మర్చిపోయాను."

పడవలో కుర్రాడు వెనక్కి తిరిగి నోరు తెరిచాడు. కుమెజో కూడా తెరిచాడు. జన్మలో ఎన్నడూ పలకని లేత గొంతొకటి ఆయన నోట్లోంచి "అమ్మా!" అంది.