పనికిరాని పెట్టె

నరసరావుపేటలోని సత్తార్ కొట్టులో మైకు పట్టుకుని రెండో చరణం అందుకోబోతున్న షబ్నం, గుమ్మంలో తండ్రిని చూసి టక్కున ఆపేసింది.

ఆమె ముందు నడుమెత్తు స్పీకరు పెట్టె ఉంది. ముందువైపు రంగురంగుల లైట్లు, కింద చక్రాలు. పాట మొదలుపెడితే ఆ లైట్లు కూడా తాళం వేస్తున్నాయి. దాన్నే కొనాలని ఆమె అప్పటికే నిశ్చయించుకుంది. ఆదివారం నకరికల్లులో ధనమ్మ టీచరు పదవీ విరమణ సభ. ఇన్నాళ్లూ ఆర్కెస్ట్రాలో నలుగురి వెనక నిలబడి కోరస్ పాడిన షబ్నం ఒంటరిగా పాడబోయే మొదటి ప్రోగ్రాం అది.

తండ్రి మౌలాలీ ముప్పయ్యేళ్లుగా మైకుసెట్లు అద్దెకిస్తున్నాడు. తన బాక్సులు ఆటోలో వేసుకుని తానూ వెంట వస్తానన్నాడు. సొంత పెట్టె కొనుక్కుని స్కూటీ మీద ఒక్కతే పోతానంది షబ్నం. వారం నుంచి ఇంట్లో అదే రగడ. అసలు ఆ ఇంట్లో రగడ లేనిదెప్పుడు? ఆయన తూర్పంటే ఈమె పడమర. బైపీసీ చదవమంటే కామర్సు చదివింది. బండి నీకెందుకన్న వారానికే బండి నేర్చుకుంది. పెరుగు వేసుకోమన్న పాపానికి మజ్జిగతో అన్నం తిని లేచిన రోజులూ ఉన్నాయి.

మౌలాలీ ఆ పెద్ద పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, మెచ్చుకోలుగా తల ఊపాడు.

"కొంటే ఇదే కొను. బేసు చూడు, గుండెకాయ అదురుద్ది. మోయటానికి ఇద్దరు మనుషులు కావాలంటే ఏంది, నేను రానూ?"

షబ్నంకు చివుక్కుమంది. ఇంతసేపూ ముచ్చటగా కనిపించిన లైట్లు ఒక్కసారిగా తిరునాళ్ల లైట్లలా వెకిలిగా తోచాయి. మూలనున్న చిన్న పెట్టెను చూపించి, అదెట్లా ఉంటుందని సత్తార్‌ను అడిగింది.

సత్తార్ నోరు తెరిచేలోపే మౌలాలీ అందుకున్నాడు. అది పనికిరాదన్నాడు. పది కిలోలైనా తూగదు, ఒంటిచేత్తో ఎత్తేయొచ్చు, అదీ ఒక మైకుసెట్టేనా అన్నాడు. కరెంటు లేకపోయినా ఆరు గంటలు మోగుతుందట, అంతసేపు కూర్చునేవాడెవడన్నాడు. మైకుకొకటి, ఫోన్లో ట్రాకుకొకటి, రెండే రెండు కన్నాలు, పదిమంది పాడాలంటే ఎట్లాగన్నాడు.

"పైగా దాంట్లో గొంతు తప్ప ఇంకేం వినపడదు."

"జనం వినేది నా గొంతేగా నాయనా," అంది షబ్నం.

మైకు వైరు తీసి చిన్న పెట్టెకు తగిలించింది. ఆపేసిన చరణాన్నే మళ్లీ ఎత్తుకుంది. ఈసారి మాటలు ఒక్కొక్కటీ కడిగిన ముత్యాల్లా బయటికొచ్చాయి. బల్బు కొనడానికొచ్చిన పెద్దమనిషి బల్బు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. రోడ్డు మీద పోతున్న ఇద్దరు ఆడవాళ్లు గుమ్మం దగ్గర ఆగారు.

"దీన్నే ప్యాక్ చెయ్ బాబాయ్," అంది సత్తార్‌తో.

నా మాట ఎప్పుడు విన్నది గనక అని గొణుక్కుంటూ మౌలాలీ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం షబ్నం పెట్టెను స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకుని నకరికల్లు చేరింది. సభ మేడ మీద. మెట్లు మనిషి పట్టేంత ఇరుకు. పెట్టెను ఒంటిచేత్తో ఎత్తుకుని పైకెక్కేసింది. మూడో పాట మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. పాట ఆగలేదు. ధనమ్మ టీచరు కళ్లొత్తుకుంటూ ఇంకొకటి పాడమంది. సత్తెనపల్లి నుంచి వచ్చినావిడ, తమ కోడలి సీమంతానికి రావాలని ఫోన్ నంబరు రాసుకుంది.

ఇంటికొచ్చి ఇదంతా తండ్రికి పూసగుచ్చినట్టు చెప్పింది. కరెంటు పోయిన సంగతి రెండుసార్లు చెప్పింది. ఆయన వైర్లు చుట్టుకుంటూ, ఏదో నీ అదృష్టమన్నాడు, తల ఎత్తకుండానే. ఆ పూట ఆమెకు అన్నం ఎంత రుచిగా ఉందో!

మర్నాడు మైకు స్టాండు కోసం మళ్లీ సత్తార్ కొట్టుకు వెళ్లింది. గెలిచిన సంబరం ఇంకా తగ్గలేదు.

"నాయన మాట విని ఆ లైట్ల పెట్టె కొనుంటే, మెట్ల కిందే కూర్చునేదాన్ని బాబాయ్. ముప్పయ్యేళ్ల సర్వీసని పేరే గానీ, ఆయనకేం తెలియదు."

సత్తార్ స్టాండు మర బిగించాడు. నవ్వాపుకోలేక పైకి చూశాడు.

"నువ్వు కొనడానికొచ్చిన ముందురోజే వచ్చి, ఆ చిన్న పెట్టెను నీకోసం ఎంచిపెట్టింది మీ నాయనేనమ్మా."