పంటు ఆగిన సాయంత్రం

మెడికల్, నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులు మా ఆసుపత్రి వరండా నిండా కూర్చున్నారు. పల్లె వైద్యంలో అందరూ జట్టుగా ఎలా పనిచేయాలో డాక్టరుగారు గంటసేపు చెప్పారు.

"ఇక్కడ పెద్దా చిన్నా లేదు. ఆశా కార్యకర్త మాటైనా నేను వింటాను. పైడమ్మగారూ, మీరొక కేసు చెప్పండి," అన్నారు.

ఇన్నేళ్లలో ఆయన నన్ను 'గారు' అనడం అదే మొదలు. లేచి నిలబడ్డాను.

"వరద రోజులండి. గోదారి దాటే పంటు సాయంత్రం నాలుగింటికే ఆపేస్తున్నారు. లంక నుంచి నెలలు నిండిన పిల్లను తెచ్చేనండి. బీపీ బాగా ఎక్కువుంది. కార్డులో ఎర్ర ఇంకుతో రాసి చూపించేను. ఇంటికెళ్తే మళ్ళీ దాటడానికి పంటుండదండీ, ఈ గట్టునే ఉంచండీ అన్నాను. 'డాక్టరువి నువ్వా, నేనా?' అన్నారండి. కార్డు చూడకుండానే సంతకం పెట్టి పంపేసేరు. తెల్లారేలోగా ఫిట్స్ వచ్చేయి. మొదటి పంటుకి శవమే వచ్చిందండి."

డాక్టరుగారి మొహం మాడిపోయింది. ముందు వరసలోంచి నర్సింగ్ చదివే లక్ష్మీతులసి లేచింది.

"ఎవరండీ ఆ డాక్టరు?"

"పేరు నేను చెప్పనమ్మా."

ఆయన ఊపిరి పీల్చుకున్నారు. పాపం, ప్రశ్న అడిగిన ఆ పిల్లను పట్టుబట్టి నర్సింగులో చేర్పించింది నేనేనని ఆయనకు తెలీదు.

లక్ష్మీతులసి పుస్తకంలోంచి ఓ పాత గర్భిణి కార్డు తీసి, రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది.

"మా అక్కదండి. కింద సంతకం ఎవరిదో అందరికీ చదివి పెట్టండి, సార్."