అమ్మ ఇంగ్లీషు

ఇంట్లోవాళ్లను నగుబాటు చేయడానికే నేను నాటకాలు రాస్తానని మావాళ్ల నమ్మకం. మూడేళ్లుగా వాటిని లండన్‌లో ఆడుతున్నా మా ఊరు ఆళ్లగడ్డలో అదే మాట. కాదని చెప్పి చెప్పి అలసిపోయాను.

ఈసారి ఇంటికి వచ్చినప్పుడు అమ్మకు ఫోన్లో నా నాటకం వీడియో ఒకటి చూపించాను. నంద్యాల ఆసుపత్రిలో నాయన పోయిన పొద్దు ఆమె ఏడ్చిన ఘట్టం. అమ్మ వేషం నాదే. ఆ నాటకమే ఇంకో వంద ఆటలు ఆడమని లండన్ నుంచి పిలుపొచ్చింది.

అమ్మ రెండుసార్లు చూసింది.

"నేనేడుస్తాంటే ఆ చూసే జనం నగుతాండారేంది, మే?"

"నీ వచ్చీరాని ఇంగ్లీషుకమ్మా."

"నాకు ఇంగ్లీషు యాడొచ్చు? నేను తెలుగులో కదా ఏడ్చింది."

ఆ నాటకం ఇక ఆడను. లండన్‌కు ఆ మాటే రాశాను.