సొంత రౌటర్లు నిషేధం

“ఈ గుత్తి కాదు బాబూ, ఇది వంటగదిది,” అంది వార్డెన్, ఐదో తాళంచెవి కూడా తిరగకపోయేసరికి.

టెక్నీషియన్ గడియారం చూసుకున్నాడు. పన్నెండూ ఇరవై. రెండింటికి ఆఖరి సంవత్సరం అమ్మాయిలకి ఆన్‌లైన్ పరీక్ష. పొద్దున్నుంచి హాస్టల్లో ఒక్క గదికీ నెట్ లేదు. అన్ని అంతస్తుల తీగలూ కలిసే పెట్టె మెట్ల కింద ఉంది. దాని తాళం మాత్రం ఎక్కడో ఉంది.

“ఆఫీసులో చూసొస్తా, ఉండు,” అని కదిలింది ఆవిడ. ఆ నడక చూస్తే తాళంచెవి తేవడానికి కాదు, కొత్తది పోత పోయించడానికి వెళ్తున్నట్టుంది.

పావుగంటకి వచ్చింది. పెట్టె తెరుచుకుంది.

“అసలేమై ఉంటుందంటావు?”

“ఎవరో సొంత రౌటర్ తెచ్చి గోడకున్న నెట్ ప్లగ్గుకి తగిలించారు మేడం. తగిలిస్తే తగిలించారు, తీగ పెట్టాల్సిన కన్నంలో పెట్టలేదు.”

“కన్నం మారితే కొంపలంటుకుంటాయా?”

“ఈ హాస్టల్లో గదుల తాళాలు ఎవరిస్తారు?”

“నేనే.”

“మీ పక్కన ఇంకొకావిడ కుర్చీ వేసుక్కూర్చుని, వచ్చిన ప్రతి పిల్లకీ లేని గదుల తాళాలు పంచిపెడుతుంటే?”

“జుట్టు పట్టుకుని గేటు బయటికి ఈడుస్తా.”

“ఆ రౌటర్ చేస్తున్న పని అదే.”

వార్డెన్ ముక్కుపుటాలు అదిరాయి. ‘సొంత రౌటర్లు నిషేధం’ అని ఎర్ర సిరాతో రాసి, చాలదన్నట్టు కింద రెండు గీతలు గీసి నోటీసు బోర్డుకి అంటించింది ఆవిడే.

“దొరికితే ఏం చేస్తారు?”

“పేరు చెప్పిన నిమిషంలో మా ఆఫీసరు ఆ అమ్మాయి ఐడీ ఆపేస్తాడు. ఈ టర్మంతా తెరవడు.”

“మరి ఇవాళ్టి పరీక్ష?”

“ఐడీ లేకపోతే పరీక్షెక్కడ మేడం? ఏడాది పోతుంది.”

“ఏడాదా?”

“ఏడాదే.”

“పోవాలి,” అంది వార్డెన్. “అప్పుడు గానీ బుద్ధి రాదు.”

అతను ఒక్కో అంతస్తు తీగా పీకుతూ, లాప్‌టాప్‌లో చూస్తూ పోయాడు. మూడో అంతస్తు తీగ పీకగానే మిగతా అంతస్తులకి నెట్ వచ్చింది. మళ్లీ పెట్టగానే పోయింది.

“మూడో అంతస్తు. ఏ గదో మాత్రం ఈ పాత పెట్టె చెప్పదు. పైకెళ్లి వెతకాల్సిందే.”

“ఆ అంతస్తుకి పీకేసి వదిలెయ్యరాదూ?”

“అక్కడ పరీక్ష రాసేవాళ్లు ఇరవై ఎనిమిది మంది ఉన్నారు మేడం.”

ఆవిడ మోకాళ్లు ప్రతి మలుపు దగ్గరా ఆగి సేద తీరాయి. పైకి చేరేసరికి ఒంటిగంటా పది. అమ్మాయిలంతా పుస్తకాలు పట్టుకుని వరండాలో కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు.

“ఎవతో గానీ, దాని చేతులు పడిపోను! అందరి కొంపా ముంచింది,” అని అరుస్తోంది ఓ పొడుగమ్మాయి. ఆ అరుపు అవసరానికి మించి ఉందనిపించింది టెక్నీషియన్‌కి.

“ముందు ఆ అమ్మాయి గది చూద్దాం మేడం.”

“చూద్దాం కాదు, చూస్తా. ఆడపిల్లల గదులు. నువ్వు మెట్ల దగ్గరుండు.”

“మీరు గుర్తుపట్టగలరా? అరచెయ్యంత డబ్బా, మీద లైట్లు వెలుగుతుంటాయి.”

“అరచెయ్యంత డబ్బా కనపడనంత ముసల్దాన్నా?”

పద్నాలుగు గదులు. ఆవిడ ఒక్కో గదిలోకి వెళ్లడం, లోపల్నించి పిడుగులు పడటం, బయటికి రావడం.

“లేదు.”

“మంచం కింద చూశారా?”

“చూశా. ఆ నేల చీపురు మొహం చూసి నెల్లాళ్లయింది.”

“అలమార?”

“చీమలు.”

పొడుగమ్మాయి గదిలో కూడా ఏమీ లేదు, ఎవరో తాగి వదిలేసిన మూడు టీ కప్పులు తప్ప. వాటి గురించి వరండా అంతా వినపడేలా ఉపన్యాసం ఇచ్చి మరీ వచ్చింది. టెక్నీషియన్ కాళ్లు మార్చి నిలబడ్డాడు. ఒంటిగంటా ఇరవై. ఒంటిగంటా ముప్పై. పదకొండో గదిలోకి వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. లోపల అరుపులు కూడా లేవు.

“ఏమైంది మేడం?” అన్నాడు ఆవిడ రాగానే.

“దుప్పటి మడత పెట్టించి వచ్చా. మనుషులుండే గదేనా అది!”

అంతలో వరండా చివర్న ఎవరో కేక పెట్టారు. “నెట్ వచ్చింది! వచ్చిందే!”

టెక్నీషియన్ లాప్‌టాప్ తెరిచాడు. దొంగ తాళాలు పంచడం ఆగిపోయింది. అంతా శుభ్రంగా ఉంది.

“ఎవరో భయపడి పీకేశారు.”

“నా గొంతు వింటే ప్రిన్సిపాలే భయపడతాడు,” అంది వార్డెన్, అందులో గొప్పేమీ లేనట్టు.

అతని ఫోన్ మోగింది. ఆఫీసరు.

“పేరు చెప్పు.”

“దొరకలేదు సార్. గదులన్నీ వార్డెన్ గారే వెతికారు.”

“ఆవిడ వెతికినా దొరకలేదా? ఆవిడకి తెలియకుండా ఆ హాస్టల్లోకి దోమ కూడా దూరదంటారే!”

“అవును సార్,” అన్నాడు నీరసంగా. చీమలు కనపడ్డ కళ్లకి లైట్లున్న డబ్బా కనపడకపోవడం ఏమిటో అతనికి అంతుపట్టలేదు. అయినా నెట్ వచ్చింది, అదే పదివేలు. కాగితం మీద ‘కారణం: గుర్తు తెలియని రౌటర్’ అని రాసి సంతకానికిచ్చాడు. ఆవిడ రెండుసార్లు చదివి, కళ్లజోడు సవరించుకుని సంతకం పెట్టింది. కింద ఎక్కడో గంట మోగింది. అమ్మాయిలు గదుల్లోకి పరిగెత్తి తలుపులు వేసుకున్నారు.

“ఎవరో గానీ అదృష్టవంతురాలు మేడం,” అన్నాడు సంచీ భుజాన వేసుకుంటూ. “ఇవాళ ఎంతమంది గుండెల్లో రాయి పడిందో ఆ మహాతల్లికి తెలియను కూడా తెలియదు.”

“పరీక్ష రాసి రానీ బాబూ, తెలియజెప్తాను.”