యాడికి పోతే ఆడికి

నిన్న రైల్లో ఫోన్ మీద సగంలో వదిలేసిన వాక్యం, కోలారు ఆస్పత్రిలో లాప్‌టాప్ తెరవగానే మళ్ళీ ఎదురొచ్చింది. కర్సరు అక్కడే ఆగి టిక్కుటిక్కుమంటోంది.

చైత్ర నిట్టూర్చి దాని పక్కన ఇంకో మాట టైపు చేసింది.

తెల్లవారకముందే బంగారు గనుల పక్కనున్న కోరమండల్ ఊరి నుంచి అత్తా కోడళ్ళిద్దరూ బస్సులో వచ్చారు. దారి పొడవునా గుంతలే. వార్డులో వాళ్ళకిచ్చిన మంచం మీద మారమ్మ గోడవైపు తిరిగి, కాళ్ళు ముడుచుకుని పడుకుంది. చైత్ర పక్కన స్టూలు వేసుకుంది. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకోలేక మంచం అంచున పెట్టి, వంగి టైపు చేస్తోంది. చైత్ర భర్త అంబరీష్ రక్తం కోసం బ్లడ్ బ్యాంకుకి వెళ్ళాడు.

చైత్ర పనిచేసేది బెంగుళూరులో, మామిడి గుజ్జు విదేశాలకి పంపే కంపెనీలో. శ్రీనివాసపురం ఫ్యాక్టరీలో గోపాలప్ప గుజ్జు పరీక్షల అంకెలు ఎక్కిస్తాడు. వాటినిబట్టి చైత్ర రిపోర్టు రాస్తుంది. మేనేజర్ మూర్తి బెంగుళూరులో కూర్చుని చూస్తాడు. ముగ్గురికీ ఒకటే ఫైలు. ఆఫీసులో మొదలుపెట్టింది రైల్లో, రైల్లో వదిలింది వంటింట్లో సాగుతుంది. ఈ మధ్యాహ్నం కొనేవాళ్ళతో మీటింగు.

ఈ నెలాఖరుకి ఆమె కాంట్రాక్టు ముగుస్తుంది. పొడిగిస్తారో లేదో ఇంకా చెప్పలేదు. ఆమధ్య గంగ అనే అమ్మాయి ప్రసవానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఆమె ఫైళ్ళన్నీ వేరేవాళ్ళ పేరు మీదికి మారిపోయాయి. అప్పట్నుంచి ఆ ఆఫీసులో ఎవరూ తమ కోసం గట్టిగా సెలవు అడగరు.

మారమ్మ ఇటు తిరిగింది.

"బెంగుళూరులో రాసింది ఈడికెట్లా వచ్చింది?"

"అది ఆడా ఉండదు, ఈడా ఉండదత్తా. పైన యాడనో ఉంటాది. మనం యాడికి పోతే ఆడికి దిగతాది."

మారమ్మ మోచేతి మీద లేచింది. "మీ మామ గనిలో ముప్పై ఏండ్లు చేసినాడు. షిఫ్టు అయితే కిందనే వదిలేసి పైకొస్తా ఉండె. గని ఆయన ఎనకాల ఇంటికి వచ్చిండ్లేదు."

చైత్ర నవ్వబోయింది. నవ్వు రాలేదు. పొద్దున్నుంచి మంచినీళ్ళయినా ముట్టలేదేమో, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

అంతలో గోపాలప్ప ఫోన్ చేశాడు.

"అమ్మా చైత్రా, నేనేదో ఒత్తినాను. సగం అంకెలు మాయమైపోయినాయి."

నిజమే. ఆమె చూస్తుండగానే రెండు వరుసలు ఖాళీ అయ్యాయి. ఎక్కడో శ్రీనివాసపురంలో ఒక వేలు జారితే ఇక్కడ పేజీ తెల్లబోయింది.

"యాడికీ పోలేదన్నా. మీరింగ ఏమీ ముట్టొద్దు," అంది.

ఫైలు పాత రూపాలన్నీ దాచిపెట్టుకుంటుంది. పొద్దుటి రూపం వెతికి, దాన్ని తిరిగి తెచ్చి, ఆ తర్వాత మారినవాటిని ఒక్కొక్కటిగా సరిచేసింది. మధ్యలో నెట్ పోయింది. కిటికీ దగ్గరికి నడిచి, ఊచలు పట్టుకుని నిలబడితే వచ్చింది. అక్కడే నిలబడి కాసేపు కళ్ళు మూసుకుంది. తిరిగొచ్చి అంకెలన్నీ సరిపోయాయని గోపాలప్పకి చెప్పింది. ఆయన ఫోన్లోనే దండం పెట్టినంత పని చేశాడు.

చార్జింగ్ పెట్టుకునే చోటు వార్డులో ఎక్కడా లేదు. లాప్‌టాప్ ఆరిపోయింది. ఫోన్ తీసింది. ఫోన్లోనూ అదే పేజీ, అదే వాక్యం, అక్కడే కర్సరు.

అప్పుడు మూర్తి ఫోన్ చేశాడు. అలసిపోయిన మనిషి గొంతు.

"అత్తగారికి ఆపరేషన్ ఎన్నింటికి?"

"మధ్యాహ్నం లోపలే పిలుస్తామన్నారు సార్."

"పెద్దదేమన్నానా?"

"కడుపులో గడ్డ సార్. తీసి పరీక్షకి పంపిస్తారంట."

మూర్తి గొంతు తగ్గించాడు.

"పెద్దవయసు కదా, జాగ్రత్త. మీరు దగ్గరే ఉండండి. ఆవిడ లోపలున్నంతసేపూ ఎట్లాగూ బయట కూర్చోవాల్సిందే. చివరి పేజీ అప్పుడు చూసుకుందురు."

"వద్దు సార్. ఇప్పుడే ముగించేస్తాను."

మారమ్మ అంతా విన్నది. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, చెయ్యి చాపి కోడలి మోకాలి మీద వేసింది. చైత్ర ఆ చేతిని అలాగే ఉండనిచ్చి, రెండో చేత్తో టైపు చేసింది. అక్షరాలు తప్పులు పడుతున్నాయి. దిద్దుతోంది. మళ్ళీ పడుతున్నాయి.

చివరి వాక్యం పూర్తయింది. ఫైలు దాచుకున్నానని గుర్తు చూపించింది.

కాసేపటికి పేజీ పక్కన మూర్తి రాసిన మాట మెరిసింది. రిపోర్టు చాలా బాగుందట. కొనేవాళ్ళ ప్రశ్నలు సాయంత్రం వస్తాయట, కాస్త ఆన్‌లైన్‌లో ఉండమన్నాడు.

చైత్ర ఆ మాట వైపు చాలాసేపు చూసింది. ఉంటానని రాసింది.

నర్సు ఆకుపచ్చ గౌనుతో వచ్చింది. థియేటర్ సిద్ధంగా ఉందని, ఇంక ఫోన్ ఆపేయాలని చెప్పింది. చైత్ర ఫోన్ ఆపింది. అంబరీష్ ఇంకా రాలేదు.

మారమ్మ మంచం దిగి స్టూలు మీద కూర్చుంది, నర్సు ఆ గౌను చైత్రకి తొడిగింది.