తలెత్తకుండా చదువుతోంది

బస్టాండులో మూడో కౌంటర్ గుమాస్తా ఒక్క చేత్తోనే టికెట్లు కొడతాడు. రెండో చేతిలో ఫోన్. ఫోన్‌లో కూతురు.

పదిహేడేళ్ళ పిల్ల. ఇంట్లో ఒక్కతే బల్ల ముందు కూర్చుని చదువుకుంటోంది. ఆ గదిలో కెమెరా బిగించింది ఈయనగారే, నెల క్రితం.

"మళ్ళీ మొదలెట్టావా నీ సీరియల్?" పక్క కౌంటర్ అక్క వెటకారమాడింది.

"నవ్వక్కా, నవ్వు. ఫోన్ లాక్కున్నాక ఎంత మారిందో తెలుసా? ఇదివరకు పొద్దస్తమానం వీడియోలు తియ్యడం, కత్తిరించడం, అతికించడం. చదువు అటకెక్కింది, పరీక్ష పోయింది. ఇప్పుడు పాఠాల కోసం లాప్‌టాప్ ఒక్కటే ఉంచా."

"మా నాన్నయితే టీవీ వైరు పీకి, క్యారేజీ సంచిలో పెట్టుకుని ఆఫీసుకెళ్ళేవాడు."

"మరి నువ్వో?"

"పక్కింటి వైరు తెచ్చుకునేదాన్ని. ఆయన వచ్చే వేళకి టీవీ చల్లారాలని తడిగుడ్డ కూడా వేసేదాన్ని."

ఆయనకు నవ్వు రాలేదు. ఈసారి కూడా పరీక్ష పోతే పిల్ల బతుకేమైపోతుందోనని దిగులు. పది రోజులుగా కూతురు సరిగ్గా అన్నం తినడం లేదు.

"దాంతో కాస్త మాట్లాడుతున్నావా లేదా?" అక్క అడిగింది.

"మాటలెందుకక్కా, రోజంతా చూస్తూనే ఉన్నాగా!"

కిటికీలోంచి ఓ చెయ్యి నోటు అందించింది. "చివరి స్టాపుకి ఒకటి." గొంతు బొంగురుపోయి ఉంది.

"రానూ పోనూనా?"

"పోవడానికే."

చూపు ఫోన్ మీదే ఉంచి, టికెట్టూ చిల్లరా బయటికి తోశాడు. అవి తీసుకున్నా మనిషి కదల్లేదు.

"ఇంకా ఏంటమ్మా? వెనకాల జనం ఉన్నారు, కాస్త జరగండి."

మనిషి జరిగింది. బయట ఏదో బస్సు హారన్ కొట్టింది.

"చూశావా అక్కా, పొద్దున్నుంచి ఇది నాలుగోసారి మంచినీళ్ళు తాగడం. అంతే, మళ్ళీ పుస్తకమే. తలెత్తితే ఒట్టు!" ఆయన కళ్ళు చెమర్చాయి. "నా తల్లి దార్లో పడిందక్కా."

తను చదువుతున్న పాత వీడియోను లాప్‌టాప్‌లో మళ్ళీ మళ్ళీ తిరిగేలా పెట్టి, దాన్ని కెమెరా ముందు నిలబెట్టి వచ్చిన కూతురు, నాన్న ఒక్కసారి తలెత్తి చూస్తే ఇంటికి వెళ్ళిపోదామనుకుని ఆ కిటికీ దగ్గర అంతసేపు నిలబడి, ఇప్పుడే బస్సెక్కింది.